పడవలోకి నీరు ఎక్కడినుంచి వస్తోంది?

పడవలో నీళ్ళు చేరాయనగానే అడుగున చిల్లు పడిందనుకుంటాం. చెక్క పడవల్లో పలకల మధ్య సందులు విడితే నీరు ఊరుతుంది. కాని ఫైబర్‌గ్లాసు పడవకు పలకలే లేవు. గాజునారను పాలియెస్టర్ రెసిన్‌తో తడిపి, అచ్చులో పొరలుపొరలుగా పరచి, అడుగంతా ఒకే దొప్పలా తయారుచేస్తారు. మరి అందులోకి నీరెలా వస్తుంది?

అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో 1959లో మొదలుపెట్టి తయారుచేసిన 'ట్రైటన్' తెరచాప పడవను చూడండి. పొడవు సుమారు 8.6 మీటర్లు. అలాంటివి దాదాపు 700 కట్టారు. వాటి దొప్ప చాలా మందం. అయితే దొప్పమీద మూతలా డెక్కు ఉంటుంది గదా! తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే ఉక్కు తీగలు, తాళ్ళు చుట్టే కప్పీలు, చేతిపట్టు కమ్మీలు - అన్నిటినీ డెక్కుకు రంధ్రాలు తొలిచి బోల్టులతో బిగిస్తారు. పాత పడవలో నీరు ఎక్కువగా దిగేది ఈ రంధ్రాల గుండానే.

బోల్టు చుట్టూ జిగురు ముద్ద పూసే ఉంటుంది. కాని ఎండకు లోహమూ ఫైబర్‌గ్లాసూ ఒకేలా వ్యాకోచించవు. గాలి వీచినప్పుడల్లా తీగలు లాగుతాయి. ఏళ్ళ తరబడి సాగి, నలిగి ఆ ముద్ద విడిపోతుంది. వెంట్రుకంత సందు చాలు, సన్నని గాజు గొట్టంలో పాకినట్లు నీరు అందులో పాకిపోతుంది.

ముందుగా ఆ నీరు ఏ నీరో తెలుసుకోవాలి. నాలుకతో చూసేవారున్నారు గాని, అడుగున చేరిన నీటిలో ఇంజను నూనె కలిసి ఉంటుంది. మీ ప్రయోగశాలలోని సిల్వర్ నైట్రేట్ ద్రావణం ఇంతకంటే మంచి సాక్షి. రెండు చుక్కలు వేయగానే పెరుగులా తెల్లని అవక్షేపం దట్టంగా ఏర్పడితే అది సముద్రపు నీరు. కొద్దిగా మసకబారితే వాననీరో, తాగునీటి తొట్టిలోదో కావచ్చు.

సముద్రపు నీరైతే తొందరపడాలి. నీటిమట్టానికి 1 మీటరు లోతున 1 సెంటీమీటరు వ్యాసమున్న రంధ్రం ఉందనుకోండి. నీరు సెకనుకు 4.4 మీటర్ల వేగంతో చిమ్ముతుంది. రంధ్రం దగ్గర ధార సన్నబడుతుందని లెక్కలో తగ్గించినా, నిమిషానికి సుమారు 12 లీటర్లు! అందుకే కుళాయిలు, గొట్టాలు దొప్పను దాటే చోట్లు మొదట చూస్తారు. ప్రొపెల్లరు ఇరుసు బయటికి పోయే చోట మాత్రం, పాతరకం బిగింపులో, ఇరుసు తిరుగుతున్నప్పుడు కొన్ని చుక్కలు కారవలసిందే. ఆ నీరే దాన్ని చల్లబరుస్తుంది.

డెక్కు సంగతి వేరు. ఇక్కడ చుక్క పడిన చోటు, నీరు దిగిన చోటు ఒకటి కావు. మన పెంకుటింటి కప్పు కూడా అంతే, వాన కురిసేది ఒకచోట, కారేది మరోచోట. గొట్టంతో నీళ్ళు పోసి చూసేటట్లయితే పల్లంనుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి పోవాలి. పైన ముందు పోస్తే అన్ని బోల్టులూ తడిసి, దొంగ ఎవరో తెలియదు.

అంతకంటే తెలివైన పద్ధతి సైకిల్ షాపులో ఉంది! గది కిటికీలు, తలుపులు, గాలి గొట్టాలు టేపుతో మూసి, చిన్న ఫ్యానుతో లోపలికి గాలి ఊదుతారు. డెక్కుమీద సబ్బునీళ్ళు పోస్తారు. నీరు ఎక్కడ దిగుతుందో సరిగ్గా అక్కడే బుడగలు లేస్తాయి. పీడనం కొంచెమే ఉండాలి. 1 సెంటీమీటరు నీటిమట్టమంత పీడనం కూడా, అర మీటరు చదరపు మూతమీద రెండున్నర కిలోల బరువంత తోపు చూపుతుంది.

చోటు దొరికాక దాని చుట్టూ చిన్న సుత్తితో తట్టి వినాలి. అప్పటి డెక్కుల్లో చాలావాటికి రెండు ఫైబర్‌గ్లాసు పొరల మధ్య తేలికైన బాల్సా చెక్క పెట్టేవారు. పొడిగా ఉంటే కంగుమంటుంది, నాని కుళ్ళితే పగిలిన కుండలా బొద్దుమంటుంది. చెక్క బాగుంటే పూర్తిగా ఆరనిచ్చి, రంధ్రాన్ని పెద్దదిగా తొలిచి, ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక దాని మధ్యనుంచే బోల్టుకు మళ్ళీ రంధ్రం వేస్తారు. అప్పుడు ముద్ద ఇంకోసారి విడిపోయినా నీరు చెక్కకు తగలదు.