పాత పరికరానికి కొత్త పవర్ కార్డు

ఆసిలోస్కోపు, సిగ్నల్ జనరేటర్ వంటి కొలత పరికరాలు యాభై ఏళ్లయినా పనిచేయవచ్చు. కాని పవర్ కార్డు మీది రబ్బరు ఈలోగా పెళుసెక్కి పగిలిపోతుంది. మరి కొత్తది ఎలా ఎంచుకోవాలి?

ముందు పరికరం వెనుక సాకెట్టు చూడండి. కంప్యూటరు కార్డు పట్టే సాకెట్టు ఐ.ఇ.సి. 320 అనే అంతర్జాతీయ ప్రమాణానిది. అది 1970లో వెలువడింది. అంతకుముందు పద్ధతులు వేరు. 1960లలో అమెరికాలో హ్యూలెట్-ప్యాకర్డ్ సంస్థ చేసిన అనేక పరికరాలకు మూడు గుండ్రని పిన్నుల కోలాకారపు సాకెట్టు ఉంటుంది. అందులో కంప్యూటరు కార్డు పట్టదు.

దానికి తగిన పాత కార్డు దొరికితే మన ప్లగ్గు బిగించాలి. ఇక్కడ రంగులు మోసం చేస్తాయి. మన పాత వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్. అమెరికా తీగలో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్! ఇవి తారుమారైతే స్విచ్చి ఆపినా లోపల ఫేజు అలాగే ఉండిపోవచ్చు. రెండు చోట్లా ఆకుపచ్చ తీగ ఎర్త్.

ఎర్త్ ఎందుకు? లోపల ఫేజు తీగ ఊడి లోహపు పెట్టెను తాకితే, విద్యుత్తు ఎర్త్ ద్వారా పోయి ఫ్యూజు కాలుతుంది. ఎర్త్ లేకుంటే అది ముట్టుకున్నవారి శరీరం గుండా పోతుంది.

కనుక ప్లగ్గును గోడకు పెట్టకముందే, దాని పెద్ద పిన్నుకూ పెట్టె మీది రంగులేని స్క్రూకూ మధ్య నిరోధాన్ని మల్టీమీటరుతో కొలవండి. అది దాదాపు సున్నా ఉండాలి. పరికరం 115 వోల్టులకు అమర్చి ఉంటే మన 230 వోల్టులకు కలపరాదు. ఈ పనులన్నీ ఉపాధ్యాయుని సమక్షంలోనే చేయండి.

ఆలోచించండి: ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెండింటికన్నా పొడవుగా ఎందుకుంటుంది?