ఎంఆర్ఐ చూపే దారిలో చికిత్స
పోటీ పరీక్షల ప్రత్యేకం: శాస్త్ర సాంకేతికం

ఎంఆర్ఐ అంటే రోగ నిర్ధారణ పరీక్షగానే మనకు తెలుసు. ఇప్పుడు అది చికిత్స జరుగుతుండగానే వైద్యుడికి దారి చూపుతోంది. సత్తెనపల్లిలో గ్రూప్స్‌కు చదువుతున్న అభ్యర్థులు ఈ అంశాలపై పట్టు సాధించాలి.

మూలసూత్రం: బలమైన అయస్కాంత క్షేత్రం, రేడియో తరంగాల ప్రభావానికి లోనైన హైడ్రోజన్ కేంద్రకాలు ఇచ్చే సంకేతాలే చిత్రాలవుతాయి. ఎక్స్-కిరణాలు వాడరు. క్షేత్ర తీవ్రతకు ప్రమాణం టెస్లా.

నోబెల్: పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్ (2003, వైద్యశాస్త్రం).

ఎంఆర్ లినాక్: ఎంఆర్ఐ, రేడియేషన్ యంత్రం కలిసిన పరికరం. ఊపిరి పీల్చినప్పుడు కదిలే కణితిని కూడా చూస్తూ కిరణాలు ప్రసరింపజేయవచ్చు. పక్కనున్న ఆరోగ్యకర కణజాలానికి హాని తగ్గుతుంది. హైదరాబాద్ యశోద ఆస్పత్రిలోని ఎలెక్టా యూనిటీ ఈ రకానిదే. దాని తీవ్రత 1.5 టెస్లా.

ఫోకస్డ్ అల్ట్రాసౌండ్: కోత లేకుండా శబ్ద తరంగాల వేడితో చికిత్స చేస్తారు. లోపలి ఉష్ణోగ్రతను ఎంఆర్ఐ చూపుతుంది. చేతుల వణుకు వ్యాధికి అమెరికా ఎఫ్‌డీఏ 2016లో అనుమతించింది.

జాగ్రత్త: ఎంఆర్ఐ గదిలో ఇనుప పరికరాలు నిషిద్ధం. అయస్కాంతానికి ఆకర్షితం కాని టైటానియం వంటివే వాడాలి.

ఈ వైద్యం పెద్ద నగరాలు దాటి పల్నాడు రైతు కుటుంబాలకూ అందుబాటులోకి రావాలి.

మాదిరి ప్రశ్నలు
1. ఎంఆర్ఐలో ప్రధానంగా ఏ మూలకపు కేంద్రకాలు సంకేతమిస్తాయి?
జవాబు: హైడ్రోజన్
2. టెస్లా దేనికి ప్రమాణం?
జవాబు: అయస్కాంత క్షేత్ర తీవ్రత