ఏరి పక్కన పెట్టిన గింజలు

వేరుశనగ కాయలు వలిచేటప్పుడు మనం ఏం చేస్తాం? మంచి గింజలు ఒక పక్కకు పోస్తాం. అవి అమ్మకానికి, విత్తనానికి. ముడుచుకుపోయినవి, పగిలినవి, రంగు మారినవి ఇంకో పక్కకు తీస్తాం. పారేయడానికి మనసు రాదు. నాలుగు నెలల కష్టం కదా! వాటినే వేయించి పచ్చడి నూరుతాం. పిల్లల చేతిలో పోస్తాం.

ప్రమాదం ఆ గింజల్లోనే ఉంది.

వాటికి ఆకుపచ్చ, పసుపు కలిసిన బూజు పడుతుంది. ఒక్కోసారి పైకి కనపడదు కూడా. ఈ బూజు ఒక విషాన్ని తయారు చేస్తుంది. దాని పేరు అఫ్లాటాక్సిన్. పేరు గుర్తు లేకపోయినా ఫరవాలేదు. అది చేసే పని గుర్తు పెట్టుకోండి. అది కాలేయాన్ని పాడు చేస్తుంది. కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి తింటే కాలేయానికి క్యాన్సర్ రావచ్చు. ఒక్కసారే ఎక్కువ తింటే ప్రాణానికే ముప్పు.

1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో ఇదే జరిగింది. అక్కడి పేదల తిండి మొక్కజొన్న. ఆ ఏడు పంట వానకు తడిసి బూజు పట్టింది. వేరే తిండి లేక అదే తిన్నారు. కామెర్లు వచ్చాయి. పొట్టలు ఉబ్బాయి. వంద మందికి పైగా చనిపోయారు.

"కడిగితే పోదా? వేయిస్తే పోదా?" అని అడుగుతారు. బూజు పోతుంది. విషం పూర్తిగా పోదు.

మరి ఏం చేయాలి? చెట్లు పీకాక కాయలు పైకి ఉండేలా తిరగేసి ఎండబెట్టాలి. కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలి. అప్పుడే సంచికి ఎత్తాలి. దెబ్బ తగిలిన కాయలు, పురుగు తొలిచిన కాయలు కలపవద్దు. సంచులను చెక్కల మీద, గోడకు తగలకుండా పెట్టాలి.

వలిచే ముందు కాయల మీద నీళ్లు చల్లడం చాలా చోట్ల అలవాటు. పని తొందరగా అవుతుంది, నిజమే. ఎంత వలిస్తే అంత కూలి అన్నప్పుడు ఎవరైనా నీళ్లు చల్లుతారు. వలిచే ఆమెను తిట్టి లాభం లేదు. కానీ తడి తగిలిన గింజకు తొందరగా బూజు పడుతుంది.

ఏరిన చెడ్డ గింజలు గేదెకు పెడదామా? వద్దు. విషం పాలలోకి వస్తుంది. కోళ్లకూ వద్దు. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన వేరుశనగ చెక్క తిని లక్ష టర్కీ కోళ్లు చచ్చాయి. గానుగకు పంపినా విషం చెక్కలో మిగులుతుంది, కొంత నూనెలోకీ వస్తుంది. అందుకే గుంట తీసి పూడ్చేయండి.