శాస్త్రవచన విరోధము

పరాశరస్మృతి నాలుగవ అధ్యాయమునందు వరుసగా మూడు శ్లోకములు గలవు. భర్త కానరాకపోయినను, మృతుడైనను, సన్న్యసించినను, నపుంసకుడైనను, పతితుడైనను, ఈ యైదాపదలయందు స్త్రీకి వేఱొక పతి విధింపబడునని మొదటి శ్లోకము. భర్త గతించినపిమ్మట బ్రహ్మచర్యమున నుండునది స్వర్గమును బొందునని రెండవది. సహగమనము చేసినది మనుష్యదేహమునందలి మూడున్నరకోట్ల రోమములకు సరియైనన్ని సంవత్సరములు స్వర్గమున వసించునని మూడవది. ఒక ఋషియే, యొకచోటనే, యొక స్త్రీకే మూడు మార్గములు చూపెను. మనవారు మొదటిదానిని మఱచిరి. మూడవదానిని 1829వ సంవత్సరమున ప్రభుత్వము నిషేధించెను. మిగిలిన రెండవదే శాస్త్రమనిపించుకొనెను.

మనుస్మృతి యింతకంటె మేలుగా లేదు. తొమ్మిదవ అధ్యాయమున నియోగమును విధించి, కొన్ని శ్లోకములు దాటకమునుపే దానిని పశుధర్మమని నిందించెను. వివాహవిధియందు విధవాపునర్వివాహము చెప్పబడలేదనెను. ఆ యధ్యాయముననే యక్షతయోనియైన స్త్రీకి పునస్సంస్కారము తగుననెను.

వాక్యములట్లుండగా, విరోధమును దీర్చు సూత్రములైన నేకముఖముగా నున్నవా? 1855లో వంగదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరుడును, 1879 మొదలు రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారును పరాశరవచనమును ప్రమాణముగా జూపిరి. కలియుగమునకు పరాశరస్మృతియే ధర్మమని యా గ్రంథము ప్రథమాధ్యాయముననే యున్నదిగదా. మనువునకు విరుద్ధమైన స్మృతి ప్రశస్తము కాదను బృహస్పతివచనము ప్రతిపక్షుల యాయుధము. పరాశరమునకు వ్యాఖ్య రచించిన మాధవాచార్యుడు సైత మా శ్లోకము యుగాంతరవిషయమనెను. కలియుగమునకై చెప్పిన గ్రంథములోని వాక్యము కలియుగమునకు గాదట! కలివర్జ్యములను జెప్పు పురాణవచనములు దీనికాధారమందురేని, స్మృతిపురాణములకు విరోధము గలిగినచో స్మృతియే బలవత్తరమని వ్యాసవచనము. న్యాయస్థానమునందు వాదించువారికిది క్రొత్త గాదు: ఎవరి పక్షమునకు వారికొక సూత్రము దొరకును.

అయినను మన పూర్వులీ చిక్కును గుర్తింపకపోలేదు. రెండు శ్రుతులు విరోధించినచో రెండును ధర్మములేయని మనువే రెండవ అధ్యాయమున జెప్పి, హోమమును సూర్యుడుదయించినపిమ్మట జేయవచ్చును, ఉదయింపకమున్నును జేయవచ్చునని యుదాహరించెను. మీమాంసకులు దీనిని వికల్పమందురు. వికల్పమనగా నిష్టము. ఎవరి యిష్టము? హోమము చేయువానిది, చూచుచు గూర్చున్నవారిది గాదు. ఈ న్యాయమునే పరాశరుని శ్లోకములకు జేర్చి చూడుడు. పునర్వివాహమును, బ్రహ్మచర్యమును రెండును ధర్మములేయైనచో, వానిలో నొకదానిని వరించు నధికారము ఆ విధవది. తండ్రిది గాదు, కులపెద్దలది గాదు, పీఠాధిపతిది గాదు. బ్రహ్మచర్యమును మనస్ఫూర్తిగా గైకొన్న యామెను మేమును నమస్కరింతుము. పదియేండ్లయైన నిండని బాలికకు తలగొఱిగించి యది బ్రహ్మచర్యమనుట మాత్రము వికల్పము గాదు, బలాత్కారము.

బ్రాహ్మసమాజమువారమగు మనము గ్రంథముల యభ్రాంతత నంగీకరింపము. దేవేంద్రనాథ ఠాకూరు నలుగురు విద్యార్థులను వేదాధ్యయనమునకై కాశికి బంపి, వేదోపనిషత్తులను విచారింపజేసి, యందు పరస్పరవిరుద్ధములైన వాక్యములుండుట గని, హృదయమొప్పుకొనినవానినే యేర్చి "బ్రాహ్మధర్మము"ను గూర్చెను. మఱి మనకు పరాశరునితో నేమి పనియని యడుగవచ్చును. మనకు లేదు, విధవాకన్యను గన్న తల్లిదండ్రులకు గలదు. వారు వినుభాషలోనే వారితో మాటాడవలెను. వీరేశలింగము పంతులుగారట్లే చేసిరి.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున గోగులపాటి శ్రీరాములుగారికిని గౌరమ్మకును ఆ ప్రాంతమున మొదటి వితంతువివాహము జరిగెను. పాల్గొన్నవారికి బహిష్కారము గలిగెను; కొందఱు భయపడి ప్రాయశ్చిత్తమును జేసికొనిరి. పరాశరుడు విధించినదానిని జేసినందులకు ప్రాయశ్చిత్తము ఏ స్మృతియందు జెప్పబడెనో నా కింతవఱకు గనబడలేదు.