పసుపెక్కిన లెన్సుకి ఎండ వైద్యం

పాత కెమెరా లెన్సు ఇంట్లో బీరువాలో దొరికినవాళ్ళు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది: “అద్దం టీ రంగులోకి మారిపోయింది, ఇక పనికి రాదా?” చాలాసార్లు పనికొస్తుంది. ఆ రంగు మురికి కాకపోవచ్చు, అద్దంలో కలిపిన థోరియం వల్ల వచ్చి ఉండొచ్చు. ఈ మాట చెప్పగానే రెండో ప్రశ్న రెడీగా ఉంటుంది: “థోరియం అంటే రేడియేషన్ కదా, రూములో పెట్టుకోవచ్చా?” ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నలకీ జవాబు.

నాకు ఈ గొడవ మా పెదనాన్న లెన్సు వల్ల మొదలైంది. ఆయనకి ఒకప్పుడు ఫోటో స్టూడియో ఉండేది. డిజిటల్ వచ్చాక మూసేశారు. పెంటాక్స్ స్పాట్‌మాటిక్ కెమెరా, దాని సూపర్-టాకుమార్ 50 ఎంఎం ఎఫ్ 1.4 లెన్సు అప్పటినుంచీ బీరువాలోనే ఉన్నాయి. “అద్దం ముదిరిపోయిందిరా, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం” అన్నారాయన. నేను తీసుకుంటానంటే మా అమ్మ ఒప్పుకోలేదు. ఇంట్లో మా అక్క పాప ఉంది, రేడియేషన్ ఉన్న వస్తువు గడప దాటి లోపలికి రాకూడదని అమ్మ మాట. ఆయనకి ఒక జవాబు, అమ్మకి ఇంకో జవాబు చెప్పడానికి నేను చదివినదీ, చేసి చూసినదీ కింద రాస్తున్నాను.

అద్దంలో థోరియం ఎందుకు?

కాంతిని అద్దం ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య రిఫ్రాక్టివ్ ఇండెక్స్. నేను చదివింది ఇంగ్లీష్ మీడియం కాబట్టి దీన్ని తెలుగులో వక్రీభవన గుణకం అంటారని ఈ వ్యాసం రాస్తుంటేనే తెలిసింది. మామూలు అద్దానికి ఇది 1.5 దగ్గర ఉంటుంది. ఈ సంఖ్య పెరిగితే తక్కువ వంపు ఉన్న అద్దంతోనే అంతే కాంతిని వంచొచ్చు. వంపు తగ్గితే ఫోటో అంచుల్లో వచ్చే దోషాలూ తగ్గుతాయి. కానీ గుణకం పెంచడానికి సీసం లాంటివి కలిపితే రంగులు విడిపోవడం, అంటే వర్ణ విక్షేపణం కూడా పెరుగుతుంది. థోరియం డయాక్సైడ్ గొప్పతనం ఏంటంటే, గుణకాన్ని పెంచుతుంది కానీ విక్షేపణాన్ని పెద్దగా పెంచదు. లెన్సు డిజైన్ చేసేవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి?

అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల నుంచి ఫోటోలు తీసిన కోడాక్ ఏరో-ఎక్టార్‌లోనూ, లైకా సమ్మిక్రాన్ 50 ఎంఎం తొలి లెన్సుల్లో కొన్నిట్లోనూ, 1960లు, 70లలో వచ్చిన కొన్ని జపాన్ లెన్సుల్లోనూ థోరియం అద్దం కనిపిస్తుంది. కొన్ని రకాల్లో అద్దం బరువులో 30 శాతం దాకా థోరియం ఆక్సైడే. సూపర్-టాకుమార్ 50 ఎంఎం ఎఫ్ 1.4నే చూడండి. 1964లో వచ్చిన మొదటి రకంలో ఎనిమిది అద్దాలు, అందులో థోరియం లేదు. తర్వాత వచ్చిన ఏడు అద్దాల రకంలో ఉంది. ఆ తర్వాతి కాలంలో లాంథనం కలిపిన అద్దాలు థోరియం పని చేసిపెట్టడంతో దీన్ని మానేశారు.

థోరియం మనకి మరీ పరాయిదేం కాదు. పెళ్ళి ఊరేగింపుల్లో నెత్తిన పెట్టుకుని నడిచే పెట్రోమాక్స్ లైటు గుర్తుందా? అంత తెల్లగా వెలిగే దాని మ్యాంటిల్‌లో ఉండేది ఎక్కువగా థోరియం ఆక్సైడే. థోరియం ఉండే మోనజైట్ ఖనిజం శ్రీకాకుళం, విశాఖ తీరాల ఇసుకలో కూడా దొరుకుతుంది.

పసుపు ఎలా వస్తుంది?

థోరియం-232 అర్ధాయువు సుమారు 1,405 కోట్ల ఏళ్ళు. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్ళంటారు, దానికన్నా ఎక్కువన్నమాట. ఒక్కో అణువు విచ్ఛిన్నమవుతూ, మధ్యలో చాలా మూలకాలుగా మారి, చివరికి సీసం-208 దగ్గర ఆగుతుంది. 232 నుంచి 208కి రావాలంటే ఆరు ఆల్ఫా కణాలు పోవాలి. పరమాణు సంఖ్య 90 నుంచి 82కి సరిపోవాలంటే నాలుగు బీటా కణాలు పోవాలి. లెక్క మీరే వేసి చూడండి, సరిగ్గా వస్తుంది.

ఈ కణాలు అద్దంలోంచి దూసుకుపోతూ ఎలక్ట్రాన్లని వాటి చోటునుంచి తన్నేస్తాయి. అవి అద్దం నిర్మాణంలో ఉన్న లోపాల్లో ఇరుక్కుపోతాయి. అలా ఇరుక్కున్న చోట్లని కలర్ సెంటర్లంటారు. అవి నీలం కాంతిని మింగేస్తాయి, మిగిలింది మనకి పసుపుగా కనిపిస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఇదొక మెమరీ లీక్. కణం వచ్చినప్పుడల్లా కొంచెం మెమరీ అలొకేట్ అవుతుంది, ఫ్రీ చేసేవాడు లేడు. ఫ్రీ చేయగలిగేది అతినీలలోహిత కాంతి, అంటే యూవీ. అది ఇరుక్కున్న ఎలక్ట్రాన్లకి శక్తినిచ్చి బయటికి లాగుతుంది. రోజూ ఎండలో తిరిగే లెన్సుకి రంగు మెల్లగా పడుతుంది. బీరువా చీకట్లో ఏళ్ళ తరబడి ఉన్నదానికి బాగా ముదురుతుంది. పెదనాన్న లెన్సు పాడైంది కాదు, ఎండ తగల్లేదంతే.

మీ లెన్సుది ఆ పసుపేనా?

ముందు ఇది తేల్చుకోండి. తెల్ల కాగితం మీద లెన్సు పెట్టి అందులోంచి చూడండి. అద్దం మీద పడిన వెలుతురు మెరుపులో మాత్రమే పసుపు కనిపిస్తే అది పూత రంగు, దానికేం చేయక్కర్లేదు. కాగితమే పసుపుగా కనిపిస్తే రెండు కారణాలుండొచ్చు: థోరియం, లేదా అద్దాల్ని అతికించిన పాత జిగురు. తేల్చడానికి మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో సార్ పర్మిషన్ తీసుకుని లెన్సుని జీఎం కౌంటర్ దగ్గర పెట్టాను. ముందు వైపు పెడితే లెక్క కాస్త పెరిగింది, వెనక వైపు తిప్పితే ఒక్కసారిగా దూకింది. అంటే థోరియం అద్దం వెనక భాగంలో ఉందన్నమాట. ఇది తర్వాత ఎండబెట్టేటప్పుడు పనికొచ్చింది. ట్యూబుని ఒక మీటరు దూరం జరిపితే లెన్సు ఉన్నా లేకపోయినా లెక్కలో తేడా కనిపించలేదు.

ప్రమాదం ఎంత?

అమ్మ ప్రశ్న ఇది, కాబట్టి తేలిగ్గా తీసిపారేయకుండా లెక్క వేద్దాం. ఇలాంటి లెన్సు అద్దాన్ని ఆనుకుని కొలిస్తే గంటకి 10 మిల్లీరాంట్‌జెన్ల దాకా రావొచ్చు, సుమారుగా 0.1 మిల్లీసీవర్ట్. మట్టి, గాలి, ఆకాశం నుంచి మనిషికి సహజంగా అందే రేడియేషన్ ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు. అంటే చర్మంలో ఆ కొంచెం భాగానికి అద్దాన్ని 24 గంటలు అతికించి ఉంచితే, అక్కడ ఏడాది సహజ మోతాదంత పడుతుంది. కానీ దూరం పెరిగేకొద్దీ ఇది వర్గానికి విలోమంగా పడిపోతుంది. 10 సెంటీమీటర్ల దగ్గర ఉన్నదానిలో మీటరు దూరంలో దాదాపు వందో వంతే. కెమెరాకి తగిలించి ఓ పూట ఫోటోలు తీస్తే భయపడాల్సినంత ఏమీ ఉండదు.

అలాగని “ఏం కాదులే” అనడం కూడా తప్పే. అద్దంలోనే ఆగిపోయే ఆల్ఫా కణాలు దాని పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మాత్రం హాని చేస్తాయి. అందుకే నేను ఇంట్లో పెట్టిన రూల్స్ ఇవి:

1. అద్దాన్ని అరగదీయడం, పాలిష్ చేయడం అసలు వద్దు. పగిలితే చేత్తో ఊడవకుండా తడి గుడ్డతో తీసి, చేతులు కడుక్కోవాలి.
2. ఆ అద్దాన్ని కంటికి ఆనించి భూతద్దంలా వాడొద్దు.
3. దిండు పక్కన, ప్యాంటు జేబులో పెట్టొద్దు. మంచానికి దూరంగా, పైన అరలో ఉంచాలి.
4. పిల్లల చేతికి ఇవ్వొద్దు.

ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే అమ్మ రెండుసార్లు చదివింది. “పై అరలో పెట్టి తాళం వెయ్యి, తాళం నా దగ్గరుంటుంది” అంది. నాకు అది న్యాయంగానే అనిపించింది.

ఎండ వైద్యం

కావలసినవి: ఎండ, వంటింటి అల్యూమినియం ఫాయిల్, ఓపిక. లెన్సుని ఎం అనే గుర్తు వైపు తిప్పి ఎపర్చర్‌ని ఎఫ్ 1.4 దగ్గర పూర్తిగా తెరవండి. ముందు వైపు అద్దానికి దగ్గరగా ఫాయిల్ చుట్టి, వెనక వైపు సూర్యుడికి చూపిస్తూ పెట్టండి. లోపలికి వెళ్ళిన కాంతి ఫాయిల్‌కి తగిలి మళ్ళీ అదే అద్దంలోంచి వెనక్కి వస్తుంది, పని త్వరగా అవుతుంది.

రెండు జాగ్రత్తలు. ఒకటి, ఫాయిల్ లేకుండా లెన్సుని ఎండలో వదిలేయకండి. భూతద్దంతో కాగితం కాల్చినట్టే ఇదీ కాలుస్తుంది, కాకపోతే ఈసారి కాలేది మంచం మీది దుప్పటి. రెండు, రోహిణి కార్తె ఎండలో పెట్టకండి. వేడికి లోపలి గ్రీజు కరిగి ఎపర్చర్ రేకుల మీదికి పాకుతుంది. పొద్దున ఎండ మంచిది. కిటికీ అద్దం వెనక కూడా పని అవుతుంది కానీ మెల్లగా, ఎందుకంటే ఆ అద్దం యూవీలో కొంత ఆపేస్తుంది. యూవీ ఎల్ఈడీ లైటు వాడేవాళ్ళు దాన్ని నేరుగా చూడకూడదు.

నేను సంక్రాంతి సెలవుల్లో మేడ మీద వడియాల పక్కనే పెట్టాను. ఎనిమిది నుంచి పదకొండు దాకా, తర్వాత లోపలికి. రోజూ ఒకే తెల్ల కాగితాన్ని లెన్సులోంచి ఫోటో తీశాను, వైట్ బ్యాలెన్స్ మార్చకుండా, రా ఫైల్‌లో. చిన్న పైథాన్ కోడ్‌తో నీలం ఛానెల్ సగటుని ఆకుపచ్చ సగటుతో భాగించి చూశాను. ఆ సంఖ్య రోజురోజుకీ పెరిగి, పదో రోజుకి దాదాపు ఆగిపోయింది. కొంచెం పసుపు మిగిలింది, అది ఫోటోలో సరిచేసుకోవచ్చు. ముదిరిన లెన్సులకి వారాలు పట్టొచ్చు. ఒక్కటి మర్చిపోకండి: పోయింది రంగే, థోరియం అలాగే ఉంది. పై రూల్స్ ఇప్పటికీ అమలులోనే ఉంటాయి, కొన్నేళ్ళకి రంగు మళ్ళీ వస్తుంది కూడా.

మరి కంప్యూటర్‌లోనే పసుపు తీసేస్తే పోలా అని అడగొచ్చు. తీయొచ్చు. కానీ సెన్సర్‌కి అందని నీలం కాంతిని సాఫ్ట్‌వేర్ పుట్టించలేదు. ఉన్న కొంచెం నీలాన్నే పెంచుతుంది, దాంతో పాటు నాయిస్ కూడా పెరుగుతుంది.

ఇప్పటి కెమెరాకి తగిలించడం

టాకుమార్‌ది ఎం42 మరచుట్టు. లెన్సు ఆనే అంచు నుంచి ఫిల్మ్ దాకా 45.46 మి.మీ. ఉండాలి. సోనీ ఈ-మౌంట్‌లో ఈ దూరం 18 మి.మీ., కాబట్టి అడాప్టర్ మందం 27.46 మి.మీ. మిర్రర్‌లెస్ కెమెరాలన్నిటికీ ఇలా సులువుగా కుదురుతుంది. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లో 46.5 మి.మీ. ఉండటంతో అద్దం లేని మామూలు అడాప్టర్‌తో దూరంలో ఉన్నవి ఫోకస్ కావు. కొనేముందు ఈ ఒక్క తీసివేత చేసుకోండి.

కెమెరా మెనూలో “లెన్సు లేకుండా షట్టర్” అనే ఆప్షన్ ఆన్ చేయాలి. ఎపర్చర్ ప్రయారిటీ మోడ్‌లో వెలుతురు లెక్క కెమెరా చూసుకుంటుంది, ఫోకస్ మన చేతిదే. ఫోకస్ పీకింగ్ అంటే మనం ఇమేజ్ ప్రాసెసింగ్‌లో చదివే ఎడ్జ్ డిటెక్షనే. ఎఫ్ 1.4 దగ్గర అది కనురెప్పల్ని చూపిస్తూ కనుబొమ్మల దగ్గర మోసం చేస్తుంది. జూమ్ చేసి చూసుకోవడం మేలు.

పెదనాన్న మాత్రం ఈ పీకింగ్ ఏదీ ఆన్ చేయనివ్వలేదు. లెన్సు పట్టుకుని, రింగు కొంచెం దాటించి వెనక్కి తెచ్చి, మా అక్క పాపని మీటరు దూరం నుంచి ఒక్క క్లిక్కులో తీశారు. కళ్ళు షార్ప్‌గా వచ్చాయి. ఆ ట్రిక్ నాకూ నేర్పమన్నాను, ఆదివారాలు నేర్పుతున్నారు.

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి లెన్సు ఉండొచ్చు. పాత సామాన్లవాడు రాకముందే ఓసారి తెల్ల కాగితం మీద పెట్టి చూడండి.