మెదకు మహాదేవాలయం : చరిత్ర - నిర్మాణం

చరిత్రను శాసనాలలోను, గ్రంథాలలోను మాత్రమే కాక కట్టడాలలో కూడ చదువవచ్చును. మన నల్లకుంటకు ఉత్తర దిశగా సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో ఉన్న మెదకు చర్చి అట్టి గ్రంథమే. క్రిస్మస్ నాడు అక్కడికి వేలాది యాత్రికులు తరలివస్తారు. వారిలో క్రైస్తవేతరులు కూడ అనేకులు.

ముందుగా ఒక ప్రాచీన యాత్రాస్థలాన్ని స్మరిద్దాము. స్పెయిను దేశపు వాయవ్య మూలన సాంటియాగో డి కాంపోస్టెలా ఉన్నది. అపొస్తలుడైన యాకోబు సమాధి అక్కడ ఉన్నదని యాత్రికుల విశ్వాసం. నేటి కెథడ్రల్ నిర్మాణం 1075లో ఆరంభమై, 1211లో ప్రతిష్ఠ జరిగినది. అంతకు పూర్వమున్న చర్చిని 997లో కార్డోవా సేనాధిపతి అల్ మన్సూర్ కూల్చి, దాని ఘంటలను క్రైస్తవ బందీల భుజాలపై కార్డోవాకు తరలించాడు. 1236లో మూడవ ఫెర్నాండో కార్డోవాను జయించి, వాటిని ముస్లిం బందీల భుజాలపై తిరిగి పంపాడని నాటి చరిత్రకారులు వ్రాశారు. మోసిన మతస్థులు మారారు, మోత మారలేదు.

మెదకు చరిత్ర వేరు. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో భారతదేశానికి వచ్చి, తరువాత మెదకును తన కార్యక్షేత్రంగా ఎన్నుకొన్నాడు. నిర్మాణం 1914లో మొదలయినది. అది మొదటి ప్రపంచ యుద్ధకాలం. తెలంగాణ పల్లెలను కరువు పీడించిన కాలం. ఆకలితో వచ్చినవారికి ఉచితంగా అన్నం పెట్టుటకు బదులు, పని కల్పించి తిండి ఇచ్చుట ఆయన అనుసరించిన పద్ధతి. అట్లు పదేండ్ల శ్రమ ఫలించి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. అప్పుడు పాలకుడు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్. ముస్లిం ప్రభువు ఏలుబడిలో, తెలుగు కూలీల చేతులతో, ఆంగ్లేయ మిషనరీ కట్టించిన చర్చి ఇది.

కట్టడం పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, ఘంటాగోపురం ఎత్తు 175 అడుగులు. సుమారు ఐదువేల మంది కూర్చుండవచ్చును. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం చిత్రించిన మూడు రంగుటద్దాల గవాక్షాలు దీని ప్రత్యేక శోభ. బయటి వెలుగే వాటికి ప్రాణం గనుక పగటివేళ చూడవలెను.

శైలి గోథిక్. పన్నెండవ శతాబ్దిలో ఫ్రాన్సులో రూపొందిన ఈ శైలికి మొనదేలిన కమాను ముఖ్య లక్షణం. అయితే 879లో పూర్తియైన కైరోలోని ఇబ్న్ తులూన్ మసీదులోనే అట్టి కమానులున్నవి. 1591 నాటి చార్మినారును నిత్యం చూచే మనకు మెదకు కమాను పరాయిదిగా తోచదు.

ఇక ‘కెథడ్రల్’ అను పేరు. బిషప్పు పీఠమున్న చర్చికే ఆ పేరు చెల్లును. బ్రిటిషు మెథడిస్టులకు బిషప్పులు లేరు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, మెదకు బిషప్పు పీఠమైన తరువాతనే ఇది నిజమైన కెథడ్రల్ అయినది.

పాస్నెట్ పేరు చరిత్రలో నిలిచినది. రాయి మోసిన పల్లె స్త్రీపురుషుల పేర్లు మనకు అందలేదు. విద్యార్థులు అక్కడికి వెళ్ళినప్పుడు గోపురాన్ని చూచి ఆనందించుటతో పాటు, దానిని పైకెత్తిన భుజాలను కూడ తలచుకొనవలెనని మా మనవి.