సర్వర్ల పక్కన నీళ్లా?

ప్రశ్న: డేటా సెంటర్లలో సర్వర్లను నీటితో చల్లబరుస్తారట. ప్రమాదం కాదా? నీళ్లు బాగా ఖర్చవుతాయా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నీళ్లు చిప్‌ను తాకవమ్మా. చిప్‌పై బిగించిన రాగి పలకలోని సన్నని కాలువల్లో పారుతూ వేడిని మోసుకెళ్తాయి. అంతే పరిమాణంలోని గాలికన్నా నీరు 3,000 రెట్లకు పైగా వేడిని మోయగలదు. 72 జీపీయూలు (ఏఐ లెక్కలు చేసే చిప్‌లు) ఉండే ఎన్విడియా జీబీ200 ర్యాక్ సుమారు 120 కిలోవాట్లు వాడుతుంది. దానికి ఫ్యాన్ల గాలి చాలదు. గొట్టం కారితే సెన్సర్లు హెచ్చరిస్తాయి. మరో పద్ధతిలో సర్వర్‌నే విద్యుత్తు పారని ప్రత్యేక నూనెలో ముంచుతారు.

పలకల్లోని నీరు మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది కాబట్టి తరగదు. ఆ వేడిని బయటికి వదిలే కూలింగ్ టవర్లలో ఆవిరయ్యే నీరే అసలు ఖర్చు. వాటి బదులు, నీటిని ఆవిరి చేయకుండా గాలితోనే చల్లబరిచే డ్రై కూలర్లు పెడితే ఆ నీరు మిగులుతుంది, కరెంటు ఖర్చు పెరుగుతుంది. అందుకే మీ ఊరికి డేటా సెంటర్ వస్తే, వేడిని బయటికి ఎలా పంపుతారో తప్పక అడగండి.